తెల్లబట్ట వైద్యం: చంపే మందు, నింపే మందు

తెలంగాణలోని ఆత్మకూర్ (ఎస్) చుట్టుపక్కల పత్తి చేలల్లో పనిచేసే ఆడవాళ్లకు తెల్లబట్ట అంటే చెప్పుకోలేని బాధ. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి దానికి నడుంనొప్పి, పొత్తికడుపు నొప్పి తోడవుతాయి. అప్పుడు కొందరికి వినిపించే మాట 'గర్భసంచి తీసేద్దాం' అని. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి పోగొట్టుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. ఎక్కువమంది చెప్పిన కారణం అధిక రక్తస్రావమే అయినా, తెల్లబట్టతో మొదలై ఆపరేషన్ దాకా పోయినవాళ్లూ వీళ్లలో ఉన్నారు.

ఈ బాధ మూలం సగం 1892లోనే తెలిసింది. ఆరోగ్యంగా ఉన్న యోనిలో లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా ఉంటుందని, ఆ పులుపు చెడ్డ క్రిములను ఎదగనివ్వదని జర్మనీ వైద్యుడు ఆల్బర్ట్ డోడెర్లైన్ చూపించారు. 1930లలో కొందరు అమెరికా డాక్టర్లు ఆ బ్యాక్టీరియానే మందుగా వాడి చూశారు. ఆ దారి అక్కడే ఆగిపోయింది.

1955లో అమెరికాలోని హ్యూస్టన్‌లో గార్డ్‌నర్, డ్యూక్స్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగం తలుచుకుంటే నేటికీ ఒళ్లు జలదరిస్తుంది. తెల్లబట్ట తెచ్చే జబ్బు ఉన్నవాళ్ల యోని స్రావాన్ని ఆరోగ్యంగా ఉన్న 15 మందికి ఎక్కిస్తే 11 మందికి జబ్బు అంటుకుంది. తాము అనుమానించిన ఒక్క క్రిమినే విడిగా పెంచి 13 మందికి ఎక్కిస్తే ఒక్కరికే వచ్చింది. జబ్బు తెచ్చేది ఒక్క క్రిమి కాదు, క్రిముల గుంపంతా అని ఆ అంకెలే చెబుతున్నాయి. వాళ్లు మాత్రం ఆ ఒక్క క్రిమినే దోషిగా తేల్చారు. వైద్యం చంపే మందుల వైపు మళ్లింది. 1978 నుంచి మెట్రోనిడజోల్ వాడుకలోకి వచ్చింది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే ఆకుపచ్చ కిట్‌లోని సెక్నిడజోల్ దాని చెల్లెలే. మెట్రోనిడజోల్‌తో గుణం త్వరగా కనిపిస్తుంది కానీ, ఏడాది తిరక్కుండానే సగానికి పైగా ఆడవాళ్లకు జబ్బు మళ్లీ వస్తుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 2006లో చూపించారు. చెడ్డవాటిని చంపాక ఖాళీ అయిన చోట మంచివి తిరిగి నిలదొక్కుకోకపోతే అంతే.

2019లో జెరూసలేం వైద్యులు హ్యూస్టన్ పనిని తలకిందులుగా చేశారు. పదేపదే తిరగబెట్టే జబ్బున్న ఐదుగురికి ఆరోగ్యవంతుల స్రావాన్ని ఎక్కించారు. నలుగురు చాలాకాలం కోలుకున్నారు. 2020లో అమెరికాలో 228 మందిపై జరిగిన పరీక్షలో మెట్రోనిడజోల్ తర్వాత లాక్టోబాసిల్లస్ క్రిస్పాటస్ అనే మంచి బ్యాక్టీరియా పొడి పెట్టారు. పన్నెండో వారానికి ఆ పొడి వాడినవాళ్లలో 30 శాతానికి, బ్యాక్టీరియా లేని ఉత్తి పొడి వాడినవాళ్లలో 45 శాతానికి జబ్బు తిరగబెట్టింది.

పెరుగు రాస్తే పోతుందని చెప్పేవాళ్లున్నారు. పెరుగును తోడుపెట్టే బ్యాక్టీరియా వేరు, అక్కడ ఉండాల్సిన క్రిస్పాటస్ వేరు. ఆ చిట్కా వద్దు.

పులుపు తగ్గిందో లేదో పీహెచ్ కాగితం ముక్క చెబుతుంది, 4.5 దాటితే అనుమానించాలి. ఆమ్సెల్ అనే పరిశోధకుడి పేరిట ఉన్న పద్ధతి 1983లోనే దాన్ని ఈ జబ్బును గుర్తించే పరీక్షల్లో ఒకటిగా నిలబెట్టింది. గర్భసంచి మాట ఎత్తకముందు ఆ కాగితం, ఒక మైక్రోస్కోపు, నర్సమ్మ చాటుగా మాట్లాడే గది, ఈ మూడూ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలి.