తేనీరు కంటికి మేలా? శివరాత్రి జాగరణలో తలెత్తిన ప్రశ్న

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఎడమ గట్టున ఉన్న శ్రీముఖలింగంలో మహాశివరాత్రి నాడు మధుకేశ్వరుని సన్నిధిలో రాత్రంతా మేలుకొనే భక్తులు అసంఖ్యాకం. ఉపవాసం ఉన్నవారిలో కూడా టీకి మాత్రం మినహాయింపు ఇచ్చుకొనేవారు తక్కువేమీ కాదు. ఈ ప్రాంతంలో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన రోజుల్లో ఒక వృద్ధుడు నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: “టీ సుక్క పడకపోతే కళ్ళు ఇప్పుకోవు డాక్టరు బాబూ!” తేనీటికీ కంటికీ సంబంధం ఉన్నదని ఆయన గట్టి నమ్మకం.

ఈ నమ్మకం చాలా పాతది. దక్షిణ భారతం నుంచి చైనాకు వెళ్ళిన బౌద్ధ భిక్షువు బోధిధర్ముడు ధ్యానంలో కునుకు పట్టినందుకు ఆగ్రహించి తన కనురెప్పలను కోసి పారవేశాడనీ, అవి పడినచోట తేయాకు మొక్కలు మొలిచాయనీ తూర్పు ఆసియాలో ఒక కథ ప్రచారంలో ఉంది. కథ కథే. అయితే జాగరణకూ కంటికీ తేయాకుకూ అది వేసిన ముడి గమనించదగినది. ఎనిమిదో శతాబ్దంలో లూ యూ అనే చైనా పండితుడు తేయాకుపై రాసిన గ్రంథంలో దాహం, తలనొప్పి, కళ్ళలో గరగర మొదలైన బాధలున్నప్పుడు నాలుగైదు గుక్కలు తాగితే ఉపశమనం కలుగుతుందని పేర్కొన్నాడు. ఆ శతాబ్దంలో మన కళింగనగరం, అంటే నేటి ముఖలింగం, తూర్పు గాంగుల రాజధాని. వారి ప్రజలకు తేయాకు అంటే ఏమిటో తెలిసి ఉండదు.

మనకు తేనీరు వచ్చిన దారి వేరు. పంతొమ్మిదో శతాబ్దంలో నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి పేదలను అస్సాం తేయాకు తోటలకు కూలీలుగా తరలించారు. వారి వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. అంటే తాగడం అలవాటు కాకముందే ఆకు కోయడం మనవాళ్ళ వంతైంది! 1903లో తేయాకుపై సుంకం విధించి, ఆ సొమ్ముతో ప్రచారం సాగించారు. 1930లలో ఉచితంగా టీ పోసి మరీ జనానికి రుచి మప్పారు. ఆ ప్రచారమంతా చురుకుదనం గురించే.

ఇక వైద్యం మాట. పగలంతా మెదడులో పేరుకొని నిద్ర తెప్పించే అడినోసిన్ అనే పదార్థం పనిచేయకుండా కెఫీన్ అడ్డుపడుతుంది. రెప్పల బరువు తగ్గినట్లనిపించడం అందువల్లనే. కంటికి కావలసిన విశ్రాంతి మాత్రం దానివల్ల లభించదు. జాగరణతో ఎర్రబడిన కళ్ళకు నిద్రే మందు. లూ యూ చెప్పిన గరగర విషయంలో మాత్రం కొంత నిజం ఉండవచ్చు. 2012లో టోక్యో విశ్వవిద్యాలయ పరిశోధకులు 78 మందిపై జరిపిన పరీక్షలో కెఫీన్ తీసుకొన్నప్పుడు కన్నీటి పరిమాణం పెరిగినట్లు తేలింది. అయితే వారికి ఇచ్చింది కెఫీన్ గాని, మన పాల టీ కాదు.

నీటికాసుల గురించి తరచుగా అడుగుతుంటారు. కెఫీన్ ఆ వ్యాధి ఉన్నవారిలో కంటి ఒత్తిడిని కొద్దిసేపు స్వల్పంగా పెంచుతుంది. ఆరోగ్యవంతుల కళ్ళలో ఆ మార్పు లెక్కలోనికి రానంతటిది. ఇందుకు భిన్నంగా, రోజూ వేడి టీ తాగేవారిలో నీటికాసులు తక్కువగా కనిపించాయని అమెరికా జాతీయ సర్వే ఆధారంగా 2017 చివరలో ఒక పత్రం వెలువడింది. పత్రికలు దానిని టముకు వేశాయి. పరిశీలించిన 1,678 మందిలో ఆ వ్యాధి ఉన్నవారు 84 మందే. ఎంత పెద్ద కప్పు, ఏ రకం ఆకు, ఎంతసేపు మరిగించారు అన్న వివరాలు కూడా లేవు. అంత కొద్దిమందిని చూసి టీ నీటికాసులను ఆపుతుందని నేను చెప్పలేను.

కాబట్టి ఆరోగ్యవంతుడి కంటికి రెండు మూడు కప్పుల టీ వల్ల కీడు లేదు. మందు అనదగిన మేలూ లేదు. నన్ను కలవరపెట్టింది మరొకటి. సాయంత్రమయ్యేసరికి నుదురు నొప్పి, టీ తాగితే తగ్గుతుందని చెప్పుకొంటూ ఏళ్ళు గడిపిన స్త్రీలు ఎందరో నా దగ్గరకు వచ్చేవారు. టీ అలవాటున్నవారికి అది వేళకు పడకపోయినా తలనొప్పి వస్తుంది. కప్పు తాగగానే పోతుంది. దానితో చూపుకు సంబంధించిన కారణం మరుగునపడిపోతుంది. బియ్యంలో రాళ్ళు ఏరడానికి పళ్ళెం దూరంగా పట్టుకోవలసి వస్తోందా అని అడిగితే సగం మంది అవుననేవారు. అది చత్వారం. పైన చెప్పిన వృద్ధుడి కళ్ళు చూస్తే రెండింటా శుక్లాలు ముదిరి ఉన్నాయి. పొద్దున్నే మసకగా ఉంటుందనీ, టీ తాగాక కాస్త తేట పడుతుందనీ ఆయన మూడేళ్ళు ఆగాడు. మొదట ఒక కంటికి ఆపరేషన్ చేయించుకొని వచ్చాడు. వచ్చిన మొదటి రోజే, కప్పులో టీ ఇంత నల్లగా ఉంటుందని ఇన్నాళ్ళూ తెలియలేదని కోడలి మీద ఫిర్యాదు చేశాడు.