చలిజ్వరపు గోలీ, సీతాకోకచిలుక మచ్చ

గోదావరికి ఇరుదరుల నున్న కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో 'లూపస్' అను పేరు విననివారే నేటికిని ఎక్కువ. అయినను ఆ వ్యాధి అక్కడి యిండ్లకు క్రొత్తది కాదు. తనకొక పేరు లేనందున అది చిరకాలము పరుల పేర్లతో తిరిగినది. చెక్కిళ్ళమీదను ముక్కుదూలము మీదను ఎఱుపు పొడసూపినపుడు మంగు అనిరి. తెల్లవాఱుజామున వేళ్ళ కణుపులు బిగిసి చెంబు పట్టుట కష్టమైనపుడు కీళ్ళవాత మనిరి. ఒళ్ళు వెచ్చబడి రోజుల తరబడి విడువనపుడు చలిజ్వర మనిరి. కాళ్ళు పొంగి కనుఱెప్పలు ఉబ్బినపుడు నీరు పట్టిన దనిరి. కడుపు నిలువక మరల మరల పోయినపుడు దిష్టి యనిరి. ఇవి యన్నియు ఒకే స్త్రీ దేహమున, ఒకే మూలమునుండి, వేర్వేరు ఋతువులలో బయలుపడు లక్షణములై యుండవచ్చునని గ్రహించుటకు చూచు కన్నును నాడి పట్టు వ్రేలును చాలవు. రక్తమును మూత్రమును పరీక్షించు శాల కావలెను. కావున ఈ సీమలలో లూపస్ చరిత్ర వ్రాయబూనినవాడు పరీక్షల చరిత్రను, మందుల చరిత్రను వ్రాయక తప్పదు.

లాటిను భాషలో లూపస్ అనగా తోడేలు. ముఖముపై పుండ్లు తోడేలు కొఱికినట్లుండునని ఐరోపా వైద్యులు పూర్వకాలమున ఆ పేరు పెట్టిరి. 1851లో ఫ్రెంచి చర్మవైద్యుడు కజనావ్ దానికి ఎఱుపును సూచించు విశేషణమును చేర్చెను; ఆ మచ్చ రెక్కలు విప్పిన సీతాకోకచిలుకవలె నున్నదని అంతకుముందే వియన్నాలో హెబ్రా పోల్చియుండెను. అది చర్మముతో ఆగక లోపలి అంగములను గూడ తాకునని 1872లో కపోసి తెలిపెను. శత్రువులపై ప్రయోగింపవలసిన రక్షణశక్తిని దేహము తనపైననే ప్రయోగించుకొనుట ఈ వ్యాధి స్వభావము. రోగులలో పదిమందికి తొమ్మండుగురు స్త్రీలు, అందును పిల్లలను కనవలసిన వయసువారు.

ఎండ ఈ వ్యాధిని రగిల్చును. ఈ ఒక్క మాట ఉత్తర తెలంగాణములో ఎంత బరువైనదో ఆలోచింపుడు. వరినాట్లు, కలుపుతీత, పత్తి ఏరుట, వేసవిలో తునికాకు కోయుట - ఆడుదాని కష్టమంతయు ఆరుబయటనే గదా! ఎండలోనికి పోవలదని వైద్యుడు చెప్పినపుడు ఆమె ఊరక తలయూపును. ఆ మాటను పాటించినచో ఆ దినపు కూలి పోవును. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతములలో బీడీలు చుట్టువారికి నీడ యున్నది. కాని కణుపులు వాచిన వేళ్ళతో ఆకు మడిచి దారము చుట్టుట యెట్లు? ఈ రెండు వృత్తుల నడుమ ఈ వ్యాధికి అనువైన పని యేదియు లేకుండుట నన్ను చిరకాలముగా కలచు విషయము.

ఇక మందుల కథ. అది విచిత్రముగా చలిజ్వరముతోడనే ఆరంభమగుచున్నది. ఆదిలాబాదు అడవులలో, ఉట్నూరు, కెరమెరి, తిర్యాణి గూడెములలో, గోండులకును కొలాములకును చలిజ్వరము తరతరముల పీడ. 1940లో జోడేఘాట్ కొండలలో కొమురం భీము నేలకొఱిగిన పిమ్మట, గోండుల కష్టములకు కారణము తెలిసికొనుటకై నిజాము ప్రభుత్వము పంపగా వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో కాపురముండి, భూమి పోయిన కథలను వ్రాసికొన్న ఆ గూడెములు ఈ జ్వరపు సీమలోనివే. ఆ జ్వరపు క్రిమిని దోమ కడుపులో మొదటిసారి కనుగొన్నదియు నిజాము రాజ్యపు గడ్డమీదనే: 1897 ఆగస్టు 20న, సికిందరాబాదు చెంత బేగంపేటలో, రొనాల్డ్ రాస్.

సింకోనా చెట్టు బెరడునుండి తీసిన క్వినైను చలిజ్వరమునకు ఔషధమని అప్పటికే లోక మెఱుగును. రాస్ దోమను చీల్చుటకు మూడేండ్లు ముందే, 1894లో, లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో పెయిన్ అను వైద్యుడు ఆ క్వినైనునే లూపస్ మచ్చలున్నవారికి వాడి గుణమున్నదనెను. రెండవ ప్రపంచయుద్ధమున సైనికులచేత చలిజ్వరము రాకుండ మెపాక్రిను అను పసుపుపచ్చని గోలీలు మ్రింగించిరి. 1951లో పేజ్ అను ఆంగ్లవైద్యుడు లూపస్‌లో దాని ఫలమును ప్రకటించెను. ఆ వెంట క్లోరోక్వీను, 1955లో అమెరికాలో అనుమతి పొందిన హైడ్రాక్సీక్లోరోక్వీను వాడుకలోనికి వచ్చెను. నేడు లూపస్ రోగికి, ప్రత్యేకమైన అడ్డంకి యున్నప్పుడు తప్ప, మొదట వ్రాయు గోలీ ఇదియే.

1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకము ఆరంభము కాగా, డి.డి.టి. చల్లువారును, క్లోరోక్వీను గోలీలు పంచువారును కాలక్రమమున పల్లెలకు పరిచితులైరి. అనగా లూపస్‌కు పనికివచ్చు చేదుగోలీ, లూపస్ అను పేరుకంటె ముందే పల్లె గడప త్రొక్కినది! చలిజ్వర మనుకొని ఆ గోలీ మ్రింగినవారిలో లూపస్ జ్వరముతో మ్రగ్గు స్త్రీలును ఉండియుందురని నేను ఊహింతును. కాని చలిజ్వరమునకిచ్చు మోతాదు మూడు దినములది. లూపస్‌లో ఆ మందు పనిచేయుటకు వారములు, నెలలు పట్టును. చేతికందిన మందు తన పని మొదలిడకముందే ముగిసిపోయెడిది.

1948 సంవత్సరమును తలంచినపుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగును. ఆ యేడు ఆరంభమున అమెరికాలోని మేయో క్లినిక్కులో హార్‌గ్రేవ్స్ తన సహచరులతో కూడి, లూపస్‌ను గుర్తుపట్టుటకు తోడ్పడు ఎల్.ఇ. కణమును ప్రకటించెను. ఆగస్టు నెలలో, భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్కులో కన్నుమూసెను. ఆయన లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమునకు ప్రతికూలముగా సాగించిన కృషిలోనివే అమినాప్టెరిను, మెథోట్రెక్సేటు. ఈ రెండవది నేడు లూపస్ కీళ్ళనొప్పులకును వాడబడుచున్నది. సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానము లొంగిపోయి, కరీంనగరు ఆదిలాబాదు జిల్లాలు భారతదేశమున కలసెను. నాలుగు దినముల పిమ్మట, 21న, ఆ మేయో క్లినిక్కులోనే హెంచ్ బృందము కీళ్ళవ్యాధితో మంచము పట్టిన యొక స్త్రీకి కార్టిసోన్ సూది వేసిరి. ఆమె కొన్ని దినములలో లేచి నడచెను. 1950లో హెంచ్‌కు, కెండల్, రైక్‌స్టైన్‌లతో కూడ, నోబెల్ బహుమానము లభించెను. పల్లెలు ఇంకను రజాకార్ల భయమునుండి తేఱుకొనని ఆ 1948 సెప్టెంబరు మాసమున, ఆ పల్లెల ఆడువారి ప్రాణములు కాపాడగల ఔషధము ఎచ్చటనో సముద్రములకావల మొదటిసారి సూదిలోనికెక్కినది.

కార్టిసోన్ జాతి మందగు స్టీరాయిడు పల్లెకు వచ్చిన దారి మాత్రము సుఖమైనది కాదు. చీటీ లేకయే దుకాణమున దొరకుటచేతను, రెండు దినములలో నొప్పి దిగుటచేతను, అది వ్యాధినిర్ణయమునకు ముందే రోగిని చేరును. ముఖము గుండ్రముగా ఉబ్బును, చక్కెర పెరుగును, ఎముక గుల్లబాఱును. నొప్పి తగ్గినదని అకస్మాత్తుగా మానినచో ప్రాణాపాయమును కలదు. అన్నిటికంటె కీడేమనగా, అది లక్షణములను కప్పిపుచ్చి వైద్యుని కన్నుగప్పును.

ఎల్.ఇ. కణమును వెదకుట ఓపికతో కూడిన పని. రక్తమును గడ్డకట్టనిచ్చి, ఆ గడ్డను సన్నని జల్లెడలో నలిపి, దేహపు వెచ్చదనమున కొంతసేపుంచి, తెల్లకణముల పొరను గాజుపలకపై పూసి రంగువేసి చూచినపుడు, ఒక కణము మరియొక కణపు కేంద్రకమును మ్రింగి, ఆ ముద్ద ఊదారంగున నున్నగా ఉబ్బియుండగా, తన కేంద్రకము అంచునకు నెట్టబడి చంద్రవంకవలె కనబడును. అట్టిదానికై గంటల కొలది సూక్ష్మదర్శినికి కన్నానించి కూర్చుండెడివారు. 1957 నుండి ప్రతిదీప్తి పరీక్ష వచ్చెను. దానిలో కేంద్రకము చీకటిలో పచ్చగా వెలుగును. దానినే ఏ.ఎన్.ఏ. అందురు. ఎనుబదింతలు పలుచన చేసిన రక్తరసములోను ఆ వెలుగు నిలిచిన గాని 2019 నాటి అంతర్జాతీయ వర్గీకరణలో లూపస్ లెక్కలోనికి రాదు. అయితే ఆరోగ్యవంతులలో కొందఱికిని అది వెలుగును; కాగితముపై 'పాజిటివ్' అని చూచి బెంబేలు పడరాదు. డి.ఎన్.ఏ. ప్రతిరక్షకములు పెరుగుట, రక్తములోని పూరక ప్రోటీనులగు సి3, సి4 తగ్గుట, తెల్లకణములు నాలుగువేలకు దిగువకు పోవుట, రక్తఫలకికలు లక్షకు లోబడుట - వీటిని రోగి లక్షణములతో కలిపి చదువవలెను.

ఒక పరీక్షను గూర్చి బాధతో చెప్పవలసియున్నది. లూపస్ ఉన్న కొందఱి రక్తమున సవాయిరోగపు పరీక్షయగు వి.డి.ఆర్.ఎల్. అబద్ధముగా 'ఉన్న'దని చూపును. కడుపు నిలువని కోడలికి ఈ కాగితము చేతికిచ్చినచో ఆ యింట ఏమి జరుగునో నేను వర్ణింపనక్కఱలేదు. ఆ కడుపు పోవుటకును, ఆ తప్పుడు ఫలితమునకును మూలమైన ప్రతిరక్షకములు ఒక్క కుదురువే యని తరువాతి కాలమున తెలిసినది.

ఇన్ని పరీక్షలలోను నేను మిక్కిలి గౌరవించునది అతి చౌకయైనది. గాజుగొట్టమున ముప్పాతిక మూత్రము పోసి, పైభాగమును స్పిరిటు దీపముపై కాచి, తెల్లని మబ్బు పట్టినచో రెండుచుక్కల ఎసిటిక్ ఆమ్లము వేయవలెను. మబ్బు విడిపోయిన ఫర్వాలేదు, నిలిచినచో ఆల్బుమిను పోవుచున్నదని అర్థము. నొప్పి తెలియకయే మూత్రపిండము చెడిపోవుచున్నదని లూపస్‌లో మొదట చెప్పునది తఱచుగా ఈ మబ్బే. అది ఏ చిన్న దవాఖానలోనైనను సాధ్యము. 2021 జూనులో కరీంనగరు, ఆదిలాబాదులతో సహా పందొమ్మిది జిల్లాలలో ప్రభుత్వ పరీక్షాకేంద్రములు తెఱచినపుడు, సామాన్య రక్తపరీక్షలకు పట్నము పోవు బాధ కొంత తగ్గినది.

ఆ చేదుగోలీ కథకు మరల వచ్చినచో, 2020లో కరోనా వేళ హైడ్రాక్సీక్లోరోక్వీను దానికి పనిచేయునని పుట్టిన వార్తవలన లోకమంతట గిరాకి పెరిగి, దానినే నమ్ముకొన్న లూపస్ రోగులు దుకాణము తరువాత దుకాణము వెదకవలసి వచ్చెను. కరోనాకు అది పనికిరాదని కొలది మాసములలోనే తేలినది. కిలో బరువునకు దినమునకు 5 మిల్లీగ్రాములు మించకుండ, ఏడాదికొకసారి కంటిపరీక్ష చేయించుకొనుచు, గర్భిణియైనను మానక మ్రింగవలసిన ఆ గోలీ నేటికిని ఖరీదైనది కాదు.

నిపుణుని చూడవలెనన్న ఇప్పటికిని పెక్కురు హైదరాబాదు పోవుచున్నారు. కరీంనగరు నుండి నూటయఱువది కిలోమీటర్లు, ఆదిలాబాదు నుండి మూడువందలు. తెల్లవాఱుజామున బస్సెక్కిన స్త్రీ, కొంగు ముఖముపైకి లాగుకొని, ప్లాస్టిక్ సంచిలో పాత చీటీలు, రక్తపరీక్షల కాగితములు, సగమైన గోలీల అట్టలు పెట్టుకొని, సికిందరాబాదు జూబిలీ బస్‌స్టాండులో దిగును. అక్కడినుండి పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి పోవు సిటీబస్సు బేగంపేట మీదుగా పోవును. సంచిలో చలిజ్వరపు గోలీతో ఆమె రాస్ దోమను చీల్చిన చోటికి చేరువగా సాగిపోవుచు, ఎండ పడని వైపు సీటు ఖాళీయైనదేమో యని చూచుకొనుచుండును.