కాంటన్ గడప తొక్కేదెవరు? అమెరికన్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఎంపికపై ముందస్తు అంచనాలు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు రిటైరవుతున్నానని ప్రకటించిన రోజే ఒక చర్చ మొదలవుతుంది: ఇతనికి హాల్ ఆఫ్ ఫేమ్ దక్కుతుందా? ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో 1963లో తెరిచిన ఆ సంస్థ మాత్రం, ఆట మానిన ఐదేళ్ల వరకు ఆటగాడి పేరును పరిశీలనకే తీసుకోదు. ఈ వ్యవధిలో వచ్చే అంచనాల్లో ఎక్కువ భాగం ఆటగాడి మొత్తం గణాంకాల మీద నిలబడ్డవే. ఆ పునాది బలహీనమైనదని ఈ వ్యాసం వాదన. ప్రవేశం దొరుకుతుందా అన్నది ఒక ప్రశ్న, ఏ ఏడాది దొరుకుతుందన్నది మరో ప్రశ్న. రెండింటికీ ఒకే కొలమానం పనికిరాదు.

మొదటి ప్రశ్నకు బంతితో పరుగెత్తే ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌ల ఉదాహరణ చాలు. ఫ్రాంక్ గోర్ సరిగ్గా 16,000 గజాలు పరుగెత్తి లీగ్ చరిత్రలో మూడో స్థానంలో ఉన్నాడు. అయినా అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఏటా స్థానాలవారీగా ఉత్తములను ఎంచి ప్రకటించే ఆల్ ప్రో మొదటి జట్టులో ఒక్కసారి కూడా అతని పేరు లేదు. టెరెల్ డేవిస్ మోకాలి గాయంతో 78 మ్యాచ్‌లకే ఆగిపోయాడు. అతని గజాలు 7,607, అంటే గోర్ లెక్కలో సగం కూడా లేవు. కానీ 1996 నుంచి 1998 వరకు వరుసగా మూడేళ్లు మొదటి జట్టులో ఉన్నాడు, 1998లో 2,008 గజాలు సాధించాడు. 2017లో అతను కాంటన్ చేరాడు. దీర్ఘకాలం ఆడటం గౌరవించదగ్గదే. ఓటర్లకు గుర్తుండేది మాత్రం, తన స్థానంలో తనను మించినవాడు లేడనిపించుకున్న ఆటగాడు.

ఆల్ ప్రో ఎంపికలు మంచి సూచికగా పనిచేయడానికి కారణం ఉంది. ఆ జట్టును ఎంచేది క్రీడా పాత్రికేయులు. హాల్ ఆఫ్ ఫేమ్ ఎంపిక సంఘంలోని దాదాపు 50 మందిలోనూ అత్యధికులు పాత్రికేయులే. ఒక వృత్తివారు ఇరవైల వయసు కుర్రాడి గురించి ఇచ్చిన తీర్పునే, అతను మధ్యవయసుకు వచ్చాక అదే వృత్తివారు మళ్లీ చదువుతారు. గణాంకాలు దొరకని స్థానాలకు ఇది మరీ అవసరం. బంతి విసిరే ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌ను బంతితో సహా పడగొట్టే ‘సాక్’లను లీగ్ అధికారికంగా లెక్కపెట్టడం మొదలైందే 1982లో. బంతిని వెనక్కి అందించి దారి కాచే సెంటర్‌కైతే నేటికీ చెప్పుకోదగ్గ అంకె లేదు. ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ సంస్థ స్థానాలవారీగా ఒక సూచీ తయారుచేసింది. అందులో 100 వచ్చిందంటే, అదే స్థానంలో ఇప్పటికే చేరినవారి సగటుకు దగ్గరగా ఉన్నట్టు. ఉపయోగపడేదే గాని, వరుసలో ఎవరున్నారో అది చెప్పదు.

ఆ వరుసే రెండో ప్రశ్నకు జవాబు. 2025 ఎంపికకు అమలైన నిబంధనల ప్రకారం, చివరికి మిగిలిన ఏడుగురు ఆధునిక ఆటగాళ్లలో ఒక్కో ఓటరు ఐదుగురిని ఎంచాలి. నెగ్గడానికి 80 శాతం కావాలి. ఓటర్లు 50 మంది అనుకుంటే మొత్తం ఓట్లు 250, ఒక్కొక్కరికి కావలసినవి 40. ఏడుగురూ సమానంగా పంచుకుంటే తలా 36కు మించవు, ఒక్కరూ గీత దాటరు. అందరూ అర్హులే కావడమే ఇక్కడ అందరికీ అడ్డు. ఆ ఏడాది ఏడుగురిలో ముగ్గురే నెగ్గారు: ఆంటోనియో గేట్స్, జారెడ్ అలెన్, ఎరిక్ అలెన్. ఐదుసార్లు ఆల్ ప్రో మొదటి జట్టులో నిలిచిన లూక్ కీక్లీ కూడా ఆగిపోయాడు. పాత తరం కోటాలో వచ్చిన స్టెర్లింగ్ షార్ప్‌తో కలిపి మొత్తం నలుగురే.

స్వభావం గురించిన గుసగుసలను ఏ నమూనా పట్టుకోలేదు. టెరెల్ ఓవెన్స్ రిటైరయ్యేనాటికి క్యాచ్ గజాల్లో రెండో స్థానంలో ఉన్నాడు, ఐదుసార్లు మొదటి జట్టు ఆటగాడు. అయినా 2018లో మూడో ప్రయత్నానికి గాని దక్కలేదు. అలిగి కాంటన్ వేడుకకు వెళ్లకుండా చాటనూగాలో తన సొంత వేడుక చేసుకున్నాడు. ఈ ఆలస్యం ఆటగాడి లోపమా, ఓటర్ల లోపమా? నా ఓటు రెండోదానికే.

ఈ పద్ధతిని రాబోయే పేర్లకు వర్తింపజేస్తే కొన్ని తేలిగ్గానే తేలిపోతాయి. 2022 సీజన్‌తో ఆపిన టామ్ బ్రేడీ, జె.జె. వాట్‌లకు 2028లో అర్హత వస్తుంది. లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ను ఏడుసార్లు గెలిచిన బ్రేడీ గురించి చర్చే అనవసరం. వాట్, 2029లో అర్హుడయ్యే ఆరన్ డొనాల్డ్ ఇద్దరూ మూడేసిసార్లు ఉత్తమ రక్షణ ఆటగాళ్లు. ఆరుసార్లు మొదటి జట్టులో ఉన్న సెంటర్ జేసన్ కెల్సీ కూడా తప్పక చేరతాడు, ఒక ఏడాది ఆలస్యమైతే కావచ్చు.

చిక్కంతా క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ ర్యాన్ దగ్గరే. 62,000కు పైగా గజాల పాసింగ్, 2016లో లీగ్ అత్యుత్తమ ఆటగాడి బహుమతి, ఆ ఏడాదే ఒక్కసారి ఆల్ ప్రో మొదటి జట్టు. సూపర్ బౌల్ ఒక్కటీ లేదు. రెండు సూపర్ బౌల్‌లలో ఉత్తమ ఆటగాడైన ఎలీ మానింగ్ ఒక్కసారి కూడా మొదటి జట్టులో లేడు, రెగ్యులర్ సీజన్‌లో అతని గెలుపోటములు 117-117. అతనికే 2025లో తొలి ప్రయత్నంలో తలుపు తెరుచుకోలేదు. పైగా ర్యాన్ జట్టు 28-3తో ముందుండి ఓడిన ఫైనల్లో అవతలి క్వార్టర్‌బ్యాక్ బ్రేడీయే. 2028లో ఇద్దరి పేర్లూ ఒకే జాబితాలో ఉంటాయి. ఆ ఏడాది ర్యాన్ ఎంపిక కాడనీ, ఎలీ తర్వాతే అతని వంతు వస్తుందనీ నా అంచనా.