ముందే చెప్పి కూర్చోబెట్టిన కథలు

జరగబోయేదాని గుర్తును కథలో ముందే వేసి పెట్టడం నవలలతో వచ్చిన విద్య కాదు. మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో రాత్రంతా కథ నడిపినవాళ్లకు అదే అసలు పెట్టుబడి. పుస్తకం చేతికి రాకముందే మా దిక్కు పిల్లలు దాన్ని చెవులతో నేర్చుకున్నారు. మేడిపల్లి చుట్టుపక్కల బడుల్లో తెలుగు చెప్పినవాడిని కాబట్టి, ఆ విద్య ఏ దారిన నడిచి ఈనాటి పిల్లల నవలల దాకా వచ్చిందో రాసిపెట్టడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మల్లన్న కథ, బీరప్ప కథ ఒగ్గువాళ్లవి. డోలు, తాళాలు, కంజీర, నపీర వాళ్ల వాద్యాలు. ఎల్లమ్మ కథ అంటే బైండ్లవాళ్ల జమిడిక వినపడాలి, ఒగ్గువాళ్లు కూడా ఆ కథ చెప్తారు. ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములుదీ, జ్ఞానపీఠం అందుకున్న సినారెదీ ఒకే ఊరు, హనుమాజీపేట. 2016లో జిల్లాలు విడిపోయి మేము జగిత్యాలలో పడ్డాం, హనుమాజీపేట రాజన్న సిరిసిల్లలో పడింది. కథలకు మాత్రం ఆ హద్దు లేదు.

ఎల్లమ్మ కథనే తీసుకుందాం. ఆమె రోజూ ఏటికి పోతుంది. ఇసుకతో కుండ చేస్తుంది. పామును చుట్టకుదురుగా నెత్తిన పెట్టుకుని, ఆ కుండలో నీళ్లు తెస్తుంది. నేను విన్న కథకులు ఈ ముచ్చటను ఒక్కసారి చెప్పి వదిలేవాళ్లు కాదు. అదే వరుసలో, అదే రాగంలో మళ్లీ మళ్లీ చెప్పేవాళ్లు. ఏరు, ఇసుక, కుండ, పాము. కొంతసేపటికి పిల్లలం కూడా పెదవులు కదుపుతూ వెంట నడిచేవాళ్లం. అట్లా అలవాటు చేసినాక ఒకరోజు ఆమె మనసు ఒక్క క్షణం చలిస్తుంది. ఇసుక కుండగా నిలవదు. ఆ తర్వాత భర్త జమదగ్ని కోపం, కొడుకు పరశురాముడి గొడ్డలి.

ఆ కథ మా నాయినమ్మకు నోటికి వచ్చు. అయినా ప్రతిసారీ ఏడ్చేది. "నీకు తెలుసు గదనే, ఎందుకు ఏడుస్తవు?" అని అడిగితే, "తెల్వవట్టే ఏడుస్తున్న బిడ్డా. ఆమెకు తెల్వది, మనకు తెలుసు" అన్నది. ముందస్తు గుర్తు ఏం పని చేస్తుందో ఇంతకంటే సూటిగా చెప్పిన మాట నేను ఎక్కడా చదవలేదు. మా కథల్లో గుర్తును దాచరు. అందరి ముందూ పెడతారు. వినేవాడికి ముగింపు తెలుసు, గడియ తెలియదు. ఆ గడియ కోసమే తెల్లవార్లూ కూర్చుంటాడు.

ప్రధాన కథకుడి పక్కన నిలబడే వంతవాళ్ల పని కూడా ఇక్కడే అర్థమవుతుంది. "అట్లెట్లయితది?", "ఆమెకు తెల్వదా మరి?" అని జనం తరఫున అడుగుతారు. కథకుడు సగమే జవాబిచ్చి ముందుకు పోతాడు. కునుకు తీస్తున్నవాడికి ఆ ప్రశ్నతో గుర్తు మళ్లీ అందుతుంది.

బాలనాగమ్మ కథలోనూ ఇదే పద్ధతి. మాయల మరాఠీ తన ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉందని బాలనాగమ్మకు చెప్పేస్తాడు. ఆ చిలుక ఎవరి చేతికో చిక్కుతుందని వింటున్న పసిపిల్లకైనా తెలిసిపోతుంది. ఆమె కొడుకు బాలవర్ధి ఎన్ని గండాలు దాటి, ఎప్పుడు అక్కడికి చేరుతాడన్నదే మిగిలిన కథ.

పండితులు దీనికి సూత్రాలు రాసుకున్నారు. భరతుడి నాట్యశాస్త్రం కథకు బీజం ఉండాలంటుంది. మొదట కొంచెంగా చెప్పింది తర్వాత పలు విధాల విస్తరిస్తే అదే బీజం అని పదో శతాబ్దంలో ధనంజయుడి దశరూపకం వివరించింది. నన్నయ భారతం ఆదిపర్వంలో సరమ కథ కూడా ఇట్లాంటిదే. తప్పు చేయని కుక్కపిల్లను కొట్టినందుకు దాని తల్లి సరమ వచ్చి, అకారణంగా భయాలు కలుగుతాయని జనమేజయుడిని హెచ్చరిస్తుంది. అంత పెద్ద కథకు ముందు ఆ చిన్న హెచ్చరిక నిలబడి ఉంది. మా కథకుల్లో చాలామంది ఈ గ్రంథాలు చూసి ఉండరు. ఎదురుగా కూర్చున్న జనం ముఖాలు చూసి అదే సూత్రాన్ని పట్టుకున్నారు.

1947 జులైలో మద్రాసులో పిల్లల మాసపత్రిక చందమామ మొదలయ్యాక లెక్క మారింది. ఇక్కడ కథ ఒక్క రాత్రిలో తెగదు. భాగానికీ భాగానికీ మధ్య నెల ఎడం. పైగా పాఠకుడికి ముగింపు తెలియదు. 1954లో వచ్చిన తోకచుక్క సీరియల్ పేరులోనే కీడు శకునం ఉంది. ఏకాక్షి, చతుర్నేత్రుడు లాంటి మాంత్రికుల పేర్లు, చిత్రకారుడు చిత్ర గీసిన బొమ్మలు నెల గడిచినా మరుపుకు రావు. రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు చాలామంది పాఠకులకు ఎంతోకాలం తెలియదు. మా ఊళ్లోకి వచ్చిన ఒక్క ప్రతి చేతులు మారి నలిగిపోయేది. తర్వాత ఏమవుతుందో మేము బడికి నడిచే దారిలోనే తేల్చుకునేవాళ్లం. ఒగ్గుకథలో ఎదురుచూసిన మేము, చందమామతో ఊహించడం నేర్చుకున్నాం.

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల నవల మూడో మెట్టు. ఇక్కడ గుర్తు కళ్ల ముందే ఉండి కూడా కనపడకూడదు. రౌలింగ్ హ్యారీ పోటర్ మొదటి పుస్తకం 1997లో వచ్చింది. అందులో హ్యారీ స్నేహితుడు రాన్ దగ్గర ఒక ముసలి ఎలుక ఉంటుంది. అది నవ్వు కోసం పెట్టిన జంతువనే పాఠకుడు అనుకుంటాడు. 1999లో వచ్చిన మూడో పుస్తకంలో అది ఎలుక రూపంలో దాక్కున్న మనిషని తేలుతుంది. ఎలుక కాలికి లేని వేలు, ఆ మనిషి చేతికి లేని వేలు ఒకటే. పిల్లలు వెనక్కి తిప్పి చూసుకుంటారు. రచయిత అబద్ధం ఆడలేదని, తామే గమనించలేదని తెలుసుకుంటారు. పెద్దల మాటలను తూచి చూడడం మొదలయ్యే వయసులో ఆ నమ్మకానికి చాలా విలువ ఉంది.

తెరిచి చెప్పినా, నెల ఆపి చెప్పినా, దాచి చెప్పినా నియమం ఒకటే. గుర్తుకు అది ఉన్న చోట సొంత పని ఉండాలి. ఇసుక కుండ నీళ్లు తేవాలి. ఎలుక నవ్వించాలి. తర్వాత ఉపయోగపడుతుందని మాత్రమే పెట్టిన గుర్తును పిల్లలు ఇట్టే పసిగడతారు.

మా మండలంలో అమ్మ బీడీలు చుడుతూ, నాన్న గల్ఫ్‌లో ఉండే ఇళ్లలో పెరిగిన పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ల కోసం నవల రావాలి. ప్రతి శుక్రవారం నాన్న ఫోను వస్తుందనుకోండి. అదే వేళ, అవే మాటలు. సద్ది తిన్నవా, బడికి పోయినవా. పాఠకుడికి అది అలవాటయ్యాక ఒక శుక్రవారం ఫోను మోగకపోతే చాలు, శకునం అని వేరే చెప్పనక్కరలేదు. ఎల్లమ్మ కథకుడు చేసిన పని అదే. పిల్లల కోసం తెలుగులో రాయాలనుకునేవాళ్లకు నా విన్నపం ఒక్కటే: కలం పట్టేముందు ఒక రాత్రి ఒగ్గుకథకు వచ్చి, తెల్లవారేదాకా కూర్చోండి.