ఓరుగల్లు రాళ్లలో యురేనియం అన్వేషణ

జనగామ చుట్టుపక్కల తిరిగినవారికి గ్రానైటు గుట్టలు, గుండ్లు తెలియనివి కావు. తూర్పుగా మహబూబాబాద్ దాటితే పొరలు పొరలుగా సున్నపురాయి, ఇసుకరాయి అగుపిస్తాయి. భూపాలపల్లి చేరేసరికి బొగ్గు. 2016 అక్టోబరులో ఇవి మూడు జిల్లాలయ్యాయి గాని, భూగర్భశాస్త్రానికి ఇదంతా ఒకే కథ.

ఆ కథను మొదట శ్రద్ధగా చదివినవాడు విలియం కింగ్. 1870 దశకంలో ఈ లోయంతా తిరిగి, ఇల్లందు ప్రాంతంలో బొగ్గు జాడ పట్టి, 1881లో ప్రాణహిత-గోదావరి లోయపై గ్రంథం వెలువరించాడు. మన పాఖాల చెరువు పేరే ఇక్కడి పురాతన శిలలకు స్థిరపడింది. తర్వాతివారు వాటిలోని వర్గాలకు మల్లంపల్లి, ములుగు పేర్లు పెట్టారు. మన ఊళ్ల పేర్లు ఇలా శాస్త్ర గ్రంథాలకెక్కాయని మనలో ఎందరికి తెలుసు?

కింగ్ వెతికింది బొగ్గును. స్వాతంత్ర్యం వచ్చాక అవే పొరలను మరో కంటితో చూడవలసి వచ్చింది. డి.ఎన్. వాడియా నాయకత్వంలో మొదలైన అరుదైన ఖనిజాల సర్వే విభాగమే 1958లో అణుఖనిజ విభాగమయింది. 1974లో దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదుకు వచ్చింది.

బొగ్గు, ఇసుకరాయి ఉన్నచోట యురేనియం ఎందుకుంటుందని అడిగేవారున్నారు. గ్రానైటులో యురేనియం టన్నుకు కొద్ది గ్రాములే ఉంటుంది. గాలి సోకిన నీరు దాన్ని కరిగించి తీసుకుపోతుంది. ఆ నీరు పొరల్లోకి ఇంకి, కుళ్లిన మొక్కల అవశేషాలో పైరైటో తగిలినచోట మోసుకొచ్చిన లోహాన్ని దించేస్తుంది. వెనేడియం, మాలిబ్డినం, రాగి వంటివి ఒక్కొక్కప్పుడు తోడుంటాయి. అందుకే గ్రానైటు మీద అవక్షేప శిలలు పరుచుకున్న అంచులంటే అన్వేషకులకు అంత ఆసక్తి. పరికరం టకటకమన్నంత మాత్రాన సంబరపడరాదు. థోరియం, పొటాషియం కూడా అలాగే మోగిస్తాయి. నమూనా ప్రయోగశాల చేరాకే నిజం తేలుతుంది. ఊళ్లో మాత్రం "బంగారమా సారూ?" అన్న ప్రశ్న తప్పదు!

చెప్పుకోదగ్గ నిక్షేపాలు కృష్ణ వైపు, ఇంకా దక్షిణాన దొరికాయి. కడప జిల్లా తుమ్మలపల్లెలో ఖనిజం సున్నపుజాతి రాతిలో ఉంది. యాసిడ్ పోస్తే ఆ రాయే తాగేస్తుంది. కాబట్టి క్షారపద్ధతి కుదిరేదాకా, అంటే 2012 వరకు ఉత్పత్తి ఆగవలసి వచ్చింది. నల్లగొండ జిల్లా లంబాపూర్-పెద్దగట్టులో 1990ల ఆరంభంలో దొరికినది సరిగ్గా గ్రానైటుకు, పైపొరకు నడుమనే.

కాని అది నాగార్జునసాగర్ జలాశయం పక్కనే. 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు జనం తీవ్రంగా వ్యతిరేకించారు. 2019లో నల్లమల విషయమై తెలంగాణ శాసనసభ కూడా తవ్వకాలు వద్దని తీర్మానించింది. అదంతా తెలియనివారి భయమని కొట్టిపారేసినవారున్నారు. నేను ఒప్పుకోను. ఆ ఖనిజాన్ని అక్కడికి చేర్చింది నీరే. తవ్వితే ఆ నీరు ఎటు పోతుందని ఊరివాళ్లు అడిగితే, వాళ్లు అడిగింది భూగర్భశాస్త్ర ప్రశ్నే.