పుట్టుక గీసిన గీత

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ బల్ల చుట్టూ కూర్చుని పాత్రధారులై ఆడే కథాక్రీడ. అందులో ఉన్నవి మూడే వృత్తులు: యోధుడు, మాంత్రికుడు, పురోహితుడు. మనిషి దేన్నైనా ఎంచుకోవచ్చు. డ్వార్ఫ్ జాతివాడు మాత్రం యోధుడే కావాలి. అదీ ఆరో స్థాయి దాటరాదు. 1975లో ‘గ్రేహాక్’ అనుబంధం దొంగ వృత్తిని చేర్చింది. కత్తి దూయకుండా, తాళం తీసి, నీడలో దాగి నెగ్గే పాత్ర అది. డ్వార్ఫ్‌కు స్థాయి పరిమితి లేని తొలి వృత్తీ అదే! మాంత్రిక విద్య మాత్రం అందలేదు. ఆ నిషేధాన్ని 2000 నాటి మూడో కూర్పు తొలగించింది. ఊహాలోకంలో సైతం వృత్తిని పుట్టుక నుంచి విడదీయడానికి 26 ఏళ్లు పట్టింది. కులవృత్తుల భారం మోసిన దేశానికి ఇది కేవలం ఆటల చరిత్ర కాదు.