మెదడులోనికి గాజుదారి

ఎలుక మెదడు పనిచేయు తీరును కాంతితో పరీక్షించుటకు తొలిదినములలో దానికి మత్తుమందిచ్చి, కదలకుండ ఉంచవలసి వచ్చెడిది. కాని మత్తులోనున్న ఎలుక ఆహారము వెదకదు. తోటి ఎలుకను చూచి దగ్గరకు పోదు. ఆ పనులు చేయునపుడు మెదడులో ఏమి జరుగునో తెలియవలెనన్న, కాంతి కూడ జంతువు వెంట తిరుగవలెను. ఈ చిక్కును విడదీసినది గాజుపోగు.

పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, ఆయన గురువు హెరాల్డ్ హాప్కిన్స్ 1954లో, సన్నని గాజుపోగుల కట్టగుండ బొమ్మను పంపవచ్చునని లండనులో నిరూపించిరి. పోగు వంగినను, లోపలి కాంతి దాని గోడవద్ద సంపూర్ణాంతర పరావర్తనము చెందుచు ముందుకు సాగును.

1962లో అమెరికాలో బ్రిటన్ చాన్స్, ఆయన సహచరులు ఎలుక మెదడుపై అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసిరి. కణములలోని ఎన్.ఎ.డి.హెచ్. అను పదార్థము దానిని గ్రహించి నీలికాంతిని వెలువరించును. ప్రాణవాయువు కొరవడినపుడు ఆ పదార్థము పెరిగి, వెలుగు హెచ్చును. 1970 దశకములో అవ్రహాం మయెవ్స్కీ, చాన్స్ వంగెడి కాంతి తంతువులను ఎలుక తలకు అమర్చి, మెలకువగా నున్న ఎలుకలోనే ఈ వెలుగును కొలిచిరి. అయితే మెదడులో రక్తము హెచ్చినను వెలుగు తగ్గును. అందుచేత పరావర్తన కాంతిని కూడ కొలిచి, ఆ తప్పును సవరించిరి.

ఈ పద్ధతి కణముల శక్తివినియోగమును తెలుపునే గాని, ఏ నాడీకణములు ఉత్తేజితమైనవో తెలుపదు. నాడీకణము ఉత్తేజితమైనపుడు కాల్షియం అయానులు లోనికి ప్రవేశించును. దానిని కంటికి చూపుటకు సముద్రజీవి యొకటి తోడ్పడెను. నెల్లూరు తీరపు జాలరుల వలలకు తగులు జెల్లీచేపలకు దూరపు బంధువైన ఒక పసిఫిక్ జాతిలో ఆకుపచ్చగా వెలుగు మాంసకృత్తు కలదని 1962లోనే ఒసాము షిమోమురా, ఆయన సహచరులు ప్రకటించియుండిరి. 2001లో జపానులో జునిచి నకాయ్ బృందము దానిని, కాల్షియమును పట్టుకొను మరియొక మాంసకృత్తుతో జతపరచెను. కాల్షియం చేరగానే ఈ జంట మరింతగా ప్రకాశించును. దాని జన్యువును ఎంచుకొన్న నాడీకణములలోనే ప్రవేశపెట్టవచ్చును.

2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన లీసా గునయ్‌డిన్, కార్ల్ డైసెరాత్ ప్రభృతులు ఒక్క పోగుతోనే నీలికాంతిని మెదడు లోతునకు పంపి, ఆకుపచ్చ వెలుగును వెనుకకు రప్పించిరి. స్వేచ్ఛగా తిరుగు చిట్టెలుక తోటి చిట్టెలుకను కలిసికొనునపుడు ఒక నాడీమార్గము ఉత్తేజితమగుట వారికి కనబడెను.

చాన్స్ పాటించిన జాగ్రత్త నేటికిని అవసరమే. పోగు కదలినను వెలుగు మారును. అందుకే కాల్షియం హెచ్చుతగ్గులకు దాదాపు మారని 405 నానోమీటర్ల కాంతితోను కొలిచి పోల్చుదురు. అట్లు పోల్చినను, పోగు తెచ్చునది అనేక కణముల ఉమ్మడి వార్త; ఒక్కొక్క కణము చెప్పుకొన్న మాట కాదు.